ముడి ఉన్న వైపు

ఉదయం ఆరు గంటలకు మా వదిన నీళ్ల కుండ మూతికి గుడ్డ కట్టింది. సమయం ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం కచేరీ గంట. ఇబ్రహీంపట్నం తాలూకా కచేరీలో గంటగంటకూ కొట్టేవారు. మా ఇల్లు ఊరికి తూర్పు కొసన ఉన్నా వినబడేది. ఆరో దెబ్బ పడేటప్పుడు నేను వాకిట్లో వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాను. వదిన కోహెడ నుంచి కాపురానికి వచ్చి అప్పటికి నెల కాలేదు. బావి నుంచి తెచ్చిన బిందెను గడప దగ్గర దించింది. మా అన్న పాత ధోతిలోంచి చించిన ముక్కను రెండు మడతలు వేసి కుండ మూతి మీద పరిచింది. మెడ చుట్టూ దారం బిగించి, నీళ్లు దాని మీద పోసింది.

నాకు ఒళ్లు మండింది.

నిజాం మీదికి యూనియన్ సైన్యం రావడానికి రెండేళ్ల ముందు ఎండాకాలం అది. యుద్ధం అయిపోయినా గుడ్డ మీద కంట్రోలు పోలేదు. మా అవ్వ చీరకు మూడు అతుకులు ఉండేవి. అట్లాంటి ఇంట్లో కుండకు గుడ్డ కట్టడం నాకు పొగరుగా కనిపించింది.

ఇంట్లో మేం నలుగురం. అవ్వ అని మేం పిలిచే అమ్మ, అన్న, వదిన, నేను. బాపు నా చిన్నప్పుడే పోయాడు. అన్న సేద్యం చేసేవాడు. నేను కచేరీ ముందు చెట్టు కింద కూర్చుని ఉర్దూలో అర్జీలు రాసేవాడిని. దొరికిన తెలుగు పుస్తకమల్లా చదివేవాడిని. కారణం చెప్పకుండా దేన్నీ నమ్మనివాడిని మా వీధిలో నేనొక్కడినే అని నా నమ్మకం. ఈ సంగతి ముందే చెప్పాలి. తర్వాత జరిగినదానికి నా చదువే కారణం.

"అవ్వా, నీ కోడలు ధోతి చింపింది జూసినవా?" అన్నాను, వదినకు వినబడేలా.

అవ్వ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. "మా ఊరి నీళ్లు ఏం పాపం జేసినయ్ పిల్లా? మీ కోహెడల గంగను జల్లెడ వట్టుకొనే తాగుతరా?" అంది.

వదిన తల ఎత్తకుండా కుండతో చెబుతున్నట్టు చెప్పింది. "మా బాపు గూడ గిట్లనే నవ్విండు. ఇప్పుడు కర్ర లేంది నడువడు."

ఆమె చెప్పింది నారు గురించి. ఇప్పటివాళ్లకు ఆ పేరు తెలియదు కనుక చెబుతున్నాను. కాలి మీదనో చేతి మీదనో ఒక బొబ్బ లేచేది. నిప్పు పెట్టినట్టు మండేది. బొబ్బ పగిలాక లోపలి నుంచి తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెట్టేది. మూరెడు పొడుగు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. లాగితే తెగుతుంది. తెగితే కాలు కుళ్లుతుంది. అందుకని ఒక చీపురుపుల్లకు చుట్టి, రోజుకు రెండు వేళ్ల మేర మాత్రమే తిప్పుతూ, పుల్లను పిక్కకు కట్టుకుని నెలా నెలన్నర మంచంలో ఉండాలి. అది ఒంట్లో వేడి వల్ల బయటికి వచ్చే నరమని మావాళ్లు అనుకునేవారు. మా అవ్వకు నాలుగుసార్లు వచ్చింది. ఎండాకాలం వస్తే వీధిలో ఇంటికొకరు మంచం పట్టేవారు. మామిడికాయ వచ్చినట్టు నారు వస్తుంది, అంతే. దాన్ని రోగమని కూడా ఎవరూ అనలేదు.

మేం తాగే నీళ్లు మెట్ల బావివి. బిందె ముంచాలంటే మెట్లు దిగి మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడాలి. నారు ఉన్నవాళ్లు కూడా దిగేవారు. పుండు నీళ్లలో పెడితే మంట తగ్గుతుంది కనుక ఇంకాసేపు నిలబడేవారు. ఆ పురుగు తన పిల్లలను వదిలేది అప్పుడే. అవి నీటిలో ఉండే కంటికి ఆనీ ఆనని మరో పురుగులో చేరతాయి. ఆ నీళ్లు తాగినవాడికి దాదాపు ఏడాది తర్వాత బొబ్బ లేస్తుంది. ఈ ఏడాది ఆలస్యమే మనుషుల్ని మోసం చేసింది. నిన్న తిన్న దానికి ఇవాళ కడుపు నొస్తే ఎవరికైనా అర్థమవుతుంది. నిరుడు తాగిన గ్లాసెడు నీళ్లను ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

వదినకు ఇదంతా తెలియదు. కోహెడలో వాళ్ల బాపు కాలు వంకరపోయాక దవాఖానలో కంపౌండరు నీళ్లలో పురుగు ఉంటుంది, తాగితే ఏడాదికి లేస్తుంది, గుడ్డ కట్టి తాగమన్నాడు. ఆ ఒక్క మాటే ఆమె తెచ్చుకుంది.

మొదటి ఏడాది నేను వడగట్టిన నీళ్లు ముట్టలేదు. ఊరికే ముట్టకపోవడం కాదు. ఆమె బిందె దించగానే గుడ్డ మీద పోయకముందే చెంబు ముంచి, ఆమె చూస్తుండగా తాగేవాడిని. చివరి గుక్క పుక్కిలించి వాకిట్లో ఊసేవాడిని. అవ్వ నవ్వేది. అన్న మాత్రం మాట్లాడకుండా వదిన కుండలో నీళ్లే తాగేవాడు.

"కొత్త పెండ్లాం ఏం జెప్తే గది తాగుతవా అన్నా?" అని ఒకరోజు అడిగాను.

"నీళ్లే గదరా తమ్మీ. గుడ్డలకెల్లి వోతే నీదేం వోయింది?"

"కట్టుకునే గుడ్డ వోయింది."

"ధోతి నాది," అన్నాడు అన్న. "నువ్వు నీ అర్జీల సంగతి జూస్కో."

అర్జీల మాట ఆయన ఊరికే అనలేదు. అప్పటికే ఆయన నిజాం పాలనను ఎదిరించే సంఘంలో తిరుగుతున్నాడు. లెవీ గింజలు గుంజుకుపోయే సర్కారుకే నేను వంగి వంగి దండాలు రాస్తానని ఆయనకు నా మీద చులకన. నాకు ఆయన మీద కోపం. ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మెత్తగా ఉండేవాళ్లం కాదు. తర్వాతి కాలంలో ఆ రోజుల గురించి రాసినవాళ్లు పల్లెల్లో మనుషులంతా ఒక్క మాట మీద ఉన్నారని రాశారు. మా ఇంట్లో లేరు.

మరుసటి ఉగాదికి నా చీలమండ దగ్గర బొబ్బ లేచింది. అవ్వకు మోచేతి కింద లేచింది. అన్నకు లేవలేదు. వదిన వచ్చిననాటి నుంచి ఇంట్లో ఆయన తాగింది వడగట్టిన నీళ్లే. చేనుకు కూడా సొరకాయ బుర్రలో అవే పట్టుకుపోయేవాడు. ఈ తేడా నాకు కనబడింది. కనబడనట్టు పడుకున్నాను.

నలభై రోజులు మంచంలో ఉన్నాను. వదిన అంబలి తెచ్చి మంచం కోడు దగ్గర పెట్టి పోయేది. నాతో మాట్లాడేది కాదు. ఒకనాడు పొద్దున నీళ్లు వడగట్టాక, గుడ్డ పైవైపును తెల్లటి పింగాణీ గిన్నెలో జాడించి, ఆ గిన్నె తెచ్చి నా మంచం పక్కన ఎండలో పెట్టింది.

"అత్తా, నీ కొడుకును గిండ్ల జూడుమను. సదువుకున్నోడు గద."

చూశాను. నీళ్లలో నూక కంటే చిన్న తెల్లటి చుక్కలు. 

"నీళ్లల్ల నలుసులు ఉండయా?" అన్నాను.

"నలుసులు ఎగురుతయా అత్తా?" అంది ఆమె, అవ్వ వైపే చూస్తూ.

ఎగురుతున్నాయి. ఆగి, ఒక్క ఉదుటున ఇటు పోయి, మళ్లీ ఆగుతున్నాయి. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఆ రోజు నుంచి నాకు తెలుసు. తెలియడానికీ చేయడానికీ మధ్య నెలన్నర పట్టింది. అనుమానం వల్ల కాదు. చెప్పింది ఆమె కావడం వల్ల. అవే మాటలు పుస్తకంలో చదివి ఉంటే మర్నాడే వీధిలో అందరికీ ఉపన్యాసం ఇచ్చి ఉండేవాడిని.

మంచం దిగాక మొదట దొంగతనంగా చేశాను. కచేరీ దగ్గర కుండలో నీళ్లు తాగేటప్పుడు చెంబు మీద నా తువ్వాల మడతపెట్టి పోసుకునేవాడిని. నా పక్కన కూర్చుని అర్జీలు రాసే ఆయన చూశాడు.

"ఏందివయా, నీళ్లకు గూడ పరదా కడుతున్నవ్? నిఖా అయిందా?"

"పంటి నొప్పి," అన్నాను.

అది అబద్ధమని ఆయనకు తెలుసు. ఇంట్లో మాత్రం ఇంకా బిందెలోనే ముంచేవాడిని. పైకి ముంచి, తాగినట్టు చేసి పారబోసేవాడిని. దాహంతో కచేరీకి పోయి తువ్వాల కప్పుకుని తాగేవాడిని. అంత మూర్ఖత్వానికి కూడా మనిషి అలవాటు పడతాడు.

మృగశిర కార్తె ముందు వదినను తొలికాన్పుకు తీసుకుపోవడానికి వాళ్ల బాపు బండి కట్టుకుని వచ్చాడు. కర్ర ఊతంతో దిగి, మా వాకిట్లో నిలబడి, చెంబెడు నీళ్లు అడిగాడు. గుడ్డ కట్టిన కుండ చూసి కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

బయలుదేరేటప్పుడు వదిన అవ్వతో చెప్పింది. "రెండు కుండలు అత్తా. ముందుగాల ఇంటిది, తర్వాత చేనుది. రోజు వడగట్టాలె. ముడి సంగతి మర్వద్దని చెప్పు."

ఎవరికి చెప్పాలో ఎవరూ అడగలేదు. అవ్వ చేతికి నారు తగ్గలేదు. అన్న తెల్లవారకముందే చేనుకు పోతాడు. మిగిలింది నేను. నేను ఒప్పుకున్నానని కూడా అనలేదు, ఒప్పుకోనని కూడా అనలేదు. బండి కదిలాక గుడ్డ చేతిలోకి తీసుకుని చూశాను. ఒక కొసన చింతగింజంత ముడి ఉంది.

"గీ ముడి ఏందవ్వా?"

"ఏమో బిడ్డా, ఇప్పొద్దట. దిష్టికి గావచ్చు. మా అవ్వ గూడ కడుతుండె."

బండి అప్పటికింకా వీధి మలుపు తిరగలేదు. నాలుగు అంగలు వేస్తే అందేది. వదిన వచ్చి ఏడాది దాటినా ఆమెతో నేరుగా ఒక్క మాట మాట్లాడి ఎరగను. నేను పోలేదు.

మొదటి రోజు ముడితోనే కట్టాను. ముడి కుండ మెడ దగ్గర ఎత్తుగా నిలిచి గుడ్డ బిగుసుకోలేదు. రెండో రోజు ముడి విప్పేశాను. వడగట్టడం శాస్త్రం, దిష్టి ముడి మూఢత్వం, నేను శాస్త్రం ఉంచుకుని మూఢత్వం తీసేశాను అనుకున్నాను. గుడ్డ నున్నగా, తబలా మీద తోలులా బిగుసుకుంది. ఆమె కంటే నేనే బాగా కట్టానని నాకు తృప్తి.

ఏడు నెలలు ఒక్కరోజు తప్పలేదు. ఆరు గంటలు కొట్టగానే మొదటి కుండకు కట్టి పోసేవాడిని. అది నిండాక గుడ్డ తీసి రెండో కుండకు కట్టి పోసేవాడిని. రెండో కుండలో నీళ్లు అన్న మర్నాడు చేనుకు తీసుకుపోయేవి. వీధిలో ఆడవాళ్లు నన్ను చూసి నవ్వేవారు.

"కోడలు పిల్లా, ముగ్గెయ్యలేదా ఇంకా?"

"మరిది నీళ్లు వడగడుతున్నడంటే వదిన కాళ్లు గూడ వత్తుతడు గావచ్చు."

వాళ్లు నవ్విన కొద్దీ నేను ఇంకా గట్టిగా కట్టాను. అదే వీధిలో ఇద్దరు ముగ్గురు, ఎవరూ చూడకుండా వచ్చి గుడ్డ ఎన్ని మడతలు వెయ్యాలో అడిగి పోయారు. ఒకామె వారం చేసి మానేసింది. వానలు పడి బావి నిండాక, కొత్త నీళ్లు కదా అని ఇంకొకరు మానేశారు. నేను మానలేదు. నా జీవితంలో ఏ పనీ అంత నిష్ఠగా చేయలేదు.

ఆ ఏడు నెలల్లో బయట చాలా జరిగింది. ఢిల్లీలో జెండా మారింది, ఇక్కడ మారలేదు. రజాకార్ల లారీలు తిరగడం మొదలైంది. లెవీకి వచ్చినవాళ్ల ముందు అన్న అడ్డంగా నిలబడ్డాడు. ఆయన పేరు పోలీసులు రాసుకున్నారు. అది నాకు కచేరీలోనే తెలిసింది. కేక వినబడితే మగవాళ్లు తూర్పు గుట్టల వైపు పరుగెత్తేవారు. రెండు రోజులో నాలుగు రోజులో ఉండి తిరిగి వచ్చేవారు. అన్న అందరికంటే ముందు ఉండేవాడు. ఆ కాళ్లే ఆయనకు ఉన్న రక్షణ. తుపాకీ ఆయన దగ్గర ఎప్పుడూ లేదు.

పుష్యమాసంలో వదిన ఆడపిల్లను ఎత్తుకుని తిరిగి వచ్చింది. బిడ్డను అవ్వ ఒడిలో పెట్టి, కాళ్లు కడుక్కుని, నేరుగా కుండ దగ్గరికి పోయింది. గుడ్డ విప్పింది. నాలుగు కొసలూ వేళ్లతో తడిమింది. మళ్లీ తడిమింది.

"ముడేది?"

నన్నే అడిగింది. నా ముఖంలోకి చూసి ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"దిష్టి ముడి ఎందుకని ఇప్పేసిన," అన్నాను. గొంతులో గర్వం కూడా ఉందనుకుంటాను.

"దిష్టి అని ఎవలు జెప్పిండ్రు?"

అవ్వ వైపు చూశాను. అవ్వ బిడ్డ వైపు చూసింది.

"పైదిక్కు ఏదో ఎరుక వడతందుకు," అంది వదిన. "ముడి ఎప్పటికి మీదికే ఉండాలె. మొదటి కుండల వడ్డ పురుగు గుడ్డ మీద ఉంటది. గది బోర్లిస్తే రెండో కుండల వడతది."

ఏడు నెలలు ఆ గుడ్డను ఒక కుండ మీద నుంచి తీసి ఇంకో కుండ మీద వేసిన నా చేతులు ఎట్లా తిప్పాయో గుర్తు చేసుకోవాలని చూశాను. గుర్తు లేదు. గుర్తు పెట్టుకోవలసిన వస్తువును నేనే విప్పేశాను.

ఆమె గడప మీద కూర్చుని వేళ్ల కణుపుల మీద నెలలు లెక్కపెట్టింది. ఆషాఢం నుంచి మొదలుపెట్టి మళ్లీ ఆషాఢం దగ్గర ఆగింది. అన్న సాయంత్రం వచ్చాక ఆయనకు చెప్పింది. ఆయన నవ్వాడు.

"వస్తే వస్తది. లారీ వచ్చిననాడు తమ్ముడు ఈపున మోస్తడు తియ్. గీన గట్టిన గుడ్డే గద."

ఆ తర్వాతి నెలలన్నీ మా ఇంట్లో ముగ్గురం అన్న కాళ్ల వైపే చూశాం. ఆయన కాళ్లు కడుక్కుంటుంటే వదిన చెంబు పట్టుకుని నిలబడేది. నేను దూరం నుంచి చూసేవాడిని. వదిన కొత్త గుడ్డకు రెండు ముడులు వేసింది. నన్ను దాని దగ్గరికి రానివ్వలేదు. ఉగాది పోయింది. వైశాఖం పోయింది. మృగశిర దాటింది. నేను కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. శ్రావణంలో అన్న ఎడమ పిక్క మీద బొబ్బ లేచింది.

అదే ఇంట్లో ఉన్న నాకు రాలేదు. మొదటి కుండ నీళ్లు తాగిన అవ్వకు రాలేదు.

వదిన ఏడవలేదు, తిట్టలేదు. ఆముదపు ఆకు వెచ్చజేసి కట్టింది. పురుగు తల బయటికి వచ్చాక పుల్లకు చుట్టింది. రోజుకు రెండు వేళ్లు. నేను దగ్గరికి పోతే, "నీ తమ్మున్ని ఎల్తురుకు అడ్డం రావద్దను," అని అన్నకు చెప్పేది.

భాద్రపదం వచ్చింది. సైన్యం వస్తుందని అందరూ అంటున్నారు. ఎప్పుడన్నది ఎవరికీ తెలియదు. కచేరీలో పని దాదాపు ఆగిపోయింది. ఆ పొద్దున పదింటికి నేను ఇంట్లోనే ఉన్నాను. వీధి చివర నుంచి కేక వచ్చింది. లారీ వస్తోందని. మగవాళ్లు పరుగెత్తడం మొదలుపెట్టారు.

నేను అన్నను వీపున వేసుకున్నాను. ఆయన నాకంటే బరువు. వదిన మా వెనకే గడప దాకా వచ్చింది.

"పుల్ల జర పైలం," అంది. ఎవరితో అన్నదో తెలియదు.

మా ఇంటి వెనక జొన్నచేను. దానికి తుమ్మకంప కంచె. కంచెలో సందు ఒక మనిషి ఒంగి దూరేంత. ఇద్దరం ఒక్కసారి పట్టం. "దించురా," అన్నాడు అన్న. దించాను. ఆయన ముందు దూరాడు. పిక్కకు కట్టిన పుల్ల కంపకు చిక్కుకుంది. వెనక లారీ చప్పుడు దగ్గరపడింది. ఆయన కాలు గుంజుకున్నాడు.

"తెగింది," అన్నాడు.

నిలువెత్తు జొన్నల్లో ఇద్దరం కూర్చున్నాం. లారీ బాట మీదనే పోయింది. మా వీధి దగ్గర ఆగలేదు. నెమ్మది కూడా కాలేదు. వాళ్లు వేరే ఊరికి పోతున్నారు. మా కోసం వచ్చిందే కాదు.

"చూస్తివా," అన్నాడు అన్న. "ఊకెనే ఉరికినం."

మూడో రోజుకు కాలు తొడ దాకా వాచింది. ఆరో రోజుకు దవడలు పట్టేశాయి. దవాఖానకు పోతే తాళం ఉంది. డాక్టరు పట్నం పోయాడన్నారు. ధనుర్వాతమని మాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. నిజాం లొంగిపోయాడన్న వార్త వచ్చిన సాయంత్రం ఊళ్లో డప్పులు కొట్టారు. చిన్న చప్పుడైనా అన్న ఒళ్లంతా బిగుసుకునేది. నేను వీధిలోకి పోయి డప్పులు ఆపమని బతిమాలాను. ఆపలేదు. స్వాతంత్ర్యం వచ్చింది, నీకు ఏడుపెందుకన్నారు.

అన్నకు నీళ్లు దిగడం లేదు. వదిన గుడ్డ కొసను, ముడి ఉన్న కొసను, వడగట్టిన నీళ్లలో ముంచి పెదవుల మీద పిండింది. మర్నాడు పొద్దున ఆయన పోయాడు.

మూడో రోజు కర్మ అయ్యాక నేను కుండ వైపు పోయాను. ఎందుకు పోయానో తెలియదు. దాహమై కావచ్చు. వదిన లేచి నిలబడింది.

"గుడ్డ ముట్టకు," అంది.

అంతే. నువ్వు చంపావని అనలేదు. అని ఉంటే కాదని వాదించేవాడిని. చేను దగ్గర బావిలో కూడా తాగి ఉండవచ్చు కదా, అది ఏ నీళ్ల పురుగో ఎవరికి తెలుసు అని అడిగేవాడిని. ఆ ప్రశ్న ఇప్పటికీ నాలో ఉంది. ఆమె ఆ అవకాశం ఇవ్వలేదు.

అయినా ఆమె ఇల్లు వదిలి పోలేదు. బిడ్డ ఉంది, అవ్వ ఉంది. నేను సేద్యంలోకి దిగాను. తర్వాత నాకు పెళ్లయింది. ఎన్ని మారినా పొద్దున ఆరింటికి ఆమె కుండకు గుడ్డ కట్టేది. నేను చూసేలా వాకిట్లోకి జరిగి కట్టేది. ముడిని బొటనవేలితో నొక్కి పైకి తిప్పేది. తర్వాత చెంబు నింపి నా ముందు పెట్టేది. అది ప్రేమ అని మా ఆవిడ అనేది. కాదు. ఆ చెంబు ఏమిటో నాకూ ఆమెకూ తెలుసు. ప్రతిరోజూ తాగాను.

అన్న పోయాక ఊరు ఒక్కసారిగా మారిందని రాస్తే బాగుంటుంది. మారలేదు. ఆయన నారుతో పోయాడని కూడా చాలామంది అనలేదు. రజాకార్ల వల్ల పోయాడన్నారు. దానికి గౌరవం ఉంది. చాలా ఏళ్ల తర్వాత ఒక సభలో నన్ను అమరుడి తమ్ముడని వేదిక మీదకు పిలిచారు. శాలువా కప్పబోతుంటే దిగి వచ్చేశాను. కంపలో తట్టుకున్న పుల్ల గురించి ఆ సభలో ఎట్లా చెప్పాలి?

మారినవాళ్లు ఒక్కొక్కరే, ఎవరి తీరున వాళ్లు మారారు. ఇంట్లో ఒకరు మంచం పడితే గుడ్డ కట్టేవారు. లేస్తే మానేవారు. మళ్లీ పడితే మళ్లీ కట్టేవారు. బావిలో పుండుతో దిగొద్దంటే కొట్లాటలయ్యేవి. అందరికంటే గట్టిగా వెక్కిరించిన ఆమె చివరికి తన కోడలు గుడ్డ కట్టలేదని వీధిలో జుట్టు పట్టుకుంది.

నేను ముసలివాణ్ణయ్యాక ఆరోగ్యశాఖ తరఫున ఒకమ్మాయి మా వీధికి పటం తెచ్చింది. మనిషి అలవాటు ఎట్లా మార్చుకుంటాడో అందులో మెట్లు గీశారు. మొదట ఆలోచనే ఉండదు. తర్వాత ఆలోచన. తర్వాత సిద్ధపడటం. తర్వాత చేయడం. తర్వాత నిలబెట్టుకోవడం. మధ్యలో జారితే మళ్లీ ఎక్కాలి. తప్పు లేదు. నేను చూసినది అదే. కానీ నేనొకటి అడిగాను.

"ఒకడు రోజూ చేస్తడమ్మా. ఒక్కరోజు తప్పడు. కానీ తలకిందుల చేస్తడు. అడిగితే తక్కువైపోతనని ఎవలను అడగడు. వాడు ఏ మెట్టు మీద ఉన్నట్టు?"

ఆ అమ్మాయి పటం వైపు చూసింది. గడపలో కూర్చున్న వదిన సమాధానం చెప్పింది.

"గాయన మాట ఇనకు బిడ్డా. గాయన అన్ని మెట్లు ఎక్కిండు. ఎక్కినోని కింద ఎవలున్నరో జూడలే."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. నవ్వి పోయింది.

మెట్ల బావిని తర్వాత మూసేశారు. ఇంటింటికీ నల్లా వచ్చింది. నారు ఊళ్లో ఆగిపోయింది, జిల్లాలో ఆగిపోయింది, దేశంలోనే లేదన్నారు. వదిన నల్లా నీళ్లు కూడా వడగట్టేది. అన్న కూతురు, "ఎందుకమ్మా ఇంక?" అని అడిగితే ముడి పైకి తిప్పి దారం బిగించేది.

పోయిన ఏడాది ఆమె చేతులు వణకడం మొదలైంది. ఒకనాడు పొద్దున దారం ముడిపడలేదు. మూడుసార్లు ప్రయత్నించి, గుడ్డను నా వైపు చాపింది. నేను లేచి తీసుకున్నాను. ముడి ఉన్న కొస పైకి వచ్చేలా రెండుసార్లు చూసుకుని కట్టాను. ఆమె చూసింది. తర్వాత గోడ పట్టుకుని లేచి వచ్చి, నేను కట్టిన దారం విప్పి, అదే గుడ్డను అదే వైపు మళ్లీ తానే కట్టుకుంది. చాలాసేపు పట్టింది. అప్పుడు నీళ్లు పోసి, చెంబు నింపి, నా ముందు పెట్టింది.

ఆమె పోయి నాలుగు నెలలైంది. పదకొండో రోజు తర్వాత అన్న కూతురు కుండ తీసి పెరట్లో బోర్లించింది. గుడ్డ నా దగ్గర ఉంది. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ నీళ్లు వడగట్టరు.